ఆహార రక్షణ - రాజ్యధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం

మనం నిత్యం భుజించే ఆహారం నిర్దోషంగా ఉండటానికి రాజ్యం ఎటువంటి ఏర్పాట్లు చేసిందో, ఆ ఏర్పాట్లు ఏ అనుభవాల నుండి రూపొందాయో, వాటి బలం ఎంతో, పరిమితి ఎక్కడో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. చట్టం న్యాయస్థానాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదనీ, మన వంటింటి పోపుల పెట్టె వరకు దాని నీడ ప్రసరించి ఉంటుందనీ విద్యార్థులు గ్రహించాలి.

పాఠ్యభాగం

అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దల మాట. ఆకలి తీర్చే అన్నాన్ని దైవంగా భావించిన జాతి మనది. అయితే ఆ అన్నం మన విస్తరిలోకి వచ్చే దారి ఎంతగానో మారిపోయింది. కొన్ని తరాల క్రితం పల్లెటూరి రైతు కుటుంబం తన పొలంలో పండిన ధాన్యాన్ని దంచుకొని తినేది. ఊరి గానుగలో ఆడించిన నూనెను వాడుకొనేది. తన దొడ్డిలోని పశువు పాలు తాగేది. తినేవారికి పండించినవారు తెలుసు, అమ్మినవారి ముఖం తెలుసు. తూకంలో గాని, నాణ్యంలో గాని మోసం జరిగితే మరునాడు రచ్చబండ వద్ద నిలదీయడానికి వీలుండేది. నేడు పట్టణంలో చదువుకొనే ఒక విద్యార్థి ఉదయం తినే ఉప్మాలో రవ్వ ఒక రాష్ట్రానిది, ఆవాలు మరొక రాష్ట్రానివి, నూనె సముద్రాలు దాటి వచ్చినది. పండించిన రైతు, మరపట్టిన మిల్లు యజమాని, చేరవేసిన లారీ డ్రైవరు, పొట్లం కట్టిన కూలీ - వీరిలో ఎవరినీ అతడు ఎరుగడు. ఎరుగని చేతులు అందించిన ముద్దను నిస్సంశయంగా నోట పెట్టుకొంటున్నాడు. ఈ నమ్మకానికి ఆధారం ఏమిటి? తెలిసిన ముఖం ఇచ్చిన హామీ స్థానంలో ఇప్పుడు చట్టం ఇచ్చే హామీ నిలిచింది. అది ఎలా నిలబడుతుందో, ఎక్కడ సడలుతుందో తెలుసుకోవడం ప్రతి పౌరునికీ అవసరం.

తెలుగులో ‘ఆహార భద్రత’ అనే పదబంధాన్ని రెండు అర్థాలలో వాడుతున్నాం. ప్రజలందరికీ చాలినంత తిండి లభించడం ఒక అర్థం. పేదలకు ఆహారధాన్యాలు పొందే హక్కును కల్పించిన 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ అర్థానికి చెందినది. లభించిన తిండి హాని చేయనిదిగా ఉండటం రెండవ అర్థం. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం దీనికి చెందినది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం ఎంత ధర్మమో, పెట్టిన అన్నం విషతుల్యం కాకుండా చూడటం కూడా అంతే ధర్మం. మనం ఇక్కడ చర్చించేది ఈ రెండవ ధర్మాన్ని గురించి.

ఈ చింతన మనకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘కంటకశోధనం’ అనే ఒక అధికరణం ఉంది. ప్రజలను పీడించే మోసగాళ్ళను దారిలోని ముళ్ళతో పోల్చి, వారిని ఏరివేయడాన్ని రాజు కర్తవ్యంగా ఆ అధికరణం నిర్దేశించింది. ధాన్యం, నూనెలు, ఉప్పు, సుగంధద్రవ్యాలు, ఔషధాలు మొదలైన వాటిలో అదే రంగు గల తక్కువ రకం వస్తువును కలిపి అమ్మినవానికి 12 పణాల దండనను అందులోనే విధించాడు కౌటిల్యుడు. ఇక్కడ రెండు విషయాలు గమనింపదగినవి. కల్తీ చేసేవాడు చూపునకు ఒకే తీరుగా ఉండే వస్తువునే ఎన్నుకొంటాడని ఆ నాడే గుర్తించారు. కొనేవాని కన్ను మోసపోయే చోట రాజ్యం కన్ను తెరచి ఉండాలని కూడా ఆ నాడే భావించారు. తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు అనే మన సామెత కూడా ఈ అనుభవాన్నే చెబుతున్నది.

ఆధునిక కాలంలో 1860 నాటి భారత శిక్షాస్మృతి 272, 273 సెక్షన్ల ద్వారా ఆహారంలో కల్తీని నేరంగా పరిగణించింది. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి రాగా, ఈ నిబంధనలు అందులోని 274, 275 సెక్షన్లలో చోటు చేసుకొన్నాయి. బ్రిటిష్ పాలనలో ఒక్కొక్క రాష్ట్రం కల్తీ నిరోధానికి తన చట్టాన్ని తాను చేసుకొన్నది. ఒక రాష్ట్రంలో దోషమైనది పొరుగు రాష్ట్రంలో దోషం కాకుండా పోయే అవకాశం ఉన్నందున స్వాతంత్ర్యానంతరం దేశమంతటికీ ఒకే చట్టం అవసరమైంది. అదే 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. 1955 జూన్ 1న అమలులోకి వచ్చిన ఈ చట్టం అర్ధశతాబ్దానికి పైగా మన ఆహారానికి కావలి కాసింది. ఆహార తనిఖీ అధికారి నమూనా తీయడం, విశ్లేషకుడు పరీక్షించడం, దోషి న్యాయస్థానంలో నిలబడటం - ఇదీ దాని క్రమం.

ఆ చట్టం అమలులో ఉన్న కాలంలోనే 1998 ఆగస్టులో దేశ రాజధాని ఢిల్లీలో ఒక ఘోరం సంభవించింది. ఆసుపత్రులకు ఒకే రకమైన లక్షణాలతో రోగులు రాసాగారు. కాళ్ళు వాచి, ఆయాసంతో రొప్పుతూ, గుండె బలహీనపడి వచ్చిన వారిలో ఒకే ఇంటివారు పలువురు ఉండేవారు. వారందరినీ కలిపిన సూత్రం ఒక్కటే: వంటకు వాడిన ఆవనూనె. మన పొలం గట్లపై పసుపుపచ్చని పూలతో, ముళ్ళ ఆకులతో పెరిగే బలురక్కసి మొక్కను చాలామంది చూసే ఉంటారు. దీనినే బ్రహ్మదండి అని కూడా వ్యవహరిస్తారు. దాని గింజలు అచ్చంగా ఆవాల వలె నల్లగా, సన్నగా ఉంటాయి. ఆ గింజల నుండి తీసిన నూనె ఆవనూనెలో కలిసింది. ఆ నూనెలోని విషపదార్థం సూక్ష్మ రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. నాళాలలోని ద్రవం బయటికి స్రవించి శరీరం వాస్తుంది. ఆ విషానికి 60 మందికి పైగా బలి అయ్యారు. వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ వ్యాధి వైద్యులకు 19వ శతాబ్దం నుండి తెలిసినదే. ఆ నూనెను గుర్తించే పరీక్ష కూడా ప్రయోగశాలలకు తెలిసినదే. శిక్షించే చట్టం నలభై ఏళ్ళకు పైబడి అమలులో ఉన్నదే. అయినా మరణాలు సంభవించాయి. ఎందువల్ల? నేరం జరిగిన పిమ్మట నేరస్థుని వెదకడానికి చట్టం ఉన్నది గాని, గింజ నుండి సీసా వరకు నూనె వచ్చే దారి పొడవునా చూపు సారించే వ్యవస్థ చాలలేదు. డబ్బాలలో నుండి కొలిచి పోసే విడి నూనెకు ఊరూ పేరూ ఉండవు. అది ఏ మిల్లులో పుట్టిందో చెప్పే చీటీ ఉండదు. దుర్ఘటన అనంతరం కేంద్ర ప్రభుత్వం 1998లోనే వంటనూనెల ప్యాకింగు నియంత్రణ ఉత్తర్వును జారీ చేసి, నూనెను సీలు వేసిన పొట్లాలలోను, డబ్బాలలోను, తయారీదారు వివరాలతో అమ్మాలని నిర్దేశించింది. అంటే నూనెకు ఒక చిరునామా ఏర్పడింది. చిరునామా లేని వస్తువుకు బాధ్యుడు ఉండడు. బాధ్యుడు లేని చోట రక్షణ ఉండదు.

ఈ విధమైన అనుభవాల నుండి ఒక కొత్త దృష్టి రూపొందింది. కీడు జరిగిన తరువాత శిక్షించడం కంటె కీడు పుట్టే మార్గాన్ని ముందుగానే మూసివేయడం మేలన్నదే ఆ దృష్టి. 2006లో పార్లమెంటు ఆమోదించిన ఆహార భద్రతా ప్రమాణాల చట్టం దానికి రూపం. అంతవరకు పండ్ల ఉత్పత్తులకు 1955 నాటి ఉత్తర్వు, మాంస ఉత్పత్తులకు 1973 నాటి ఉత్తర్వు, పాల ఉత్పత్తులకు 1992 నాటి ఉత్తర్వు అంటూ వేరువేరు శాసనాలు, వేరువేరు మంత్రిత్వ శాఖలు ఉండేవి. కొత్త చట్టం వాటినీ, 1954 నాటి చట్టాన్నీ తనలో లీనం చేసుకొన్నది. దీని అమలుకు 2008లో భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆంగ్ల అక్షరాలను బట్టి దీనిని ‘ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.’ అని పిలవడం పరిపాటి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిధిలోని ఈ సంస్థలో అధ్యక్షుడు గాక 22 మంది సభ్యులు ఉంటారు. వారిలో మూడవ వంతు మహిళలు కావాలని చట్టమే విధించింది. చట్టం కింద నియమావళి 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం దోషాలను వాటి స్వభావాన్ని బట్టి వేరు చేసింది. ప్రమాణానికి తగిన నాణ్యత లేనిది నాసిరకం ఆహారం. నీళ్ళు కలిపిన పాలు ఈ కోవకు చెందుతాయి. ఉన్నది ఒకటి, చీటీ మీద చెప్పింది మరొకటి అయితే అది తప్పుడు ముద్ర గల ఆహారం. తిన్నవారి ఆరోగ్యానికి చేటు చేసేది అసురక్షిత ఆహారం. మొదటి రెండింటికి ప్రధానంగా జరిమానాలు ఉంటాయి. వీటిని అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని న్యాయనిర్ణయాధికారి విచారిస్తాడు. మూడవ దానికి కారాగారశిక్ష ఉంది. అసురక్షిత ఆహారం వల్ల మరణం సంభవిస్తే 7 సంవత్సరాలకు తగ్గకుండా యావజ్జీవం వరకు శిక్ష, 10 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. మృతుని కుటుంబానికి 5 లక్షలకు తగ్గని పరిహారం కూడా ఇప్పించవచ్చు. మోసానికి ఒక కొలత, ప్రాణహానికి మరొక కొలత ఉండాలన్న న్యాయసూత్రం ఇందులో ఇమిడి ఉన్నది.

ఇక యంత్రాంగం పనిచేసే తీరును పరిశీలిద్దాం. ప్రతి రాష్ట్రంలోనూ ఒక ఆహార భద్రతా కమిషనరు ఉంటారు. జిల్లాకు నియుక్తాధికారి, ఆయన కింద ఆహార భద్రతా అధికారులు ఉంటారు. ఆహార వ్యాపారం చేయదలచినవారు ముందుగా లైసెన్సు పొందాలి. తోపుడుబండి మీద మిర్చి బజ్జీలు అమ్మేవారి వంటి చిన్న వ్యాపారులు పేరు నమోదు చేసుకొంటే చాలు. పొట్లం మీద కనిపించే 14 అంకెల సంఖ్య ఈ లైసెన్సుకు గుర్తు. అయితే పొలంలో పంట పండించే రైతుకు గాని, చేపలు పట్టే జాలరికి గాని ఈ చట్టం వర్తించదు. పంట మీద చల్లే పురుగుమందులను 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం నియంత్రిస్తుంది.

అధికారి దుకాణంలో నమూనా తీసే పద్ధతి ఆసక్తికరమైనది. అతడు నమూనాను ఉచితంగా తీసుకోరాదు. మార్కెట్టు ధర చెల్లించాలి. సాక్షుల సమక్షంలో దానిని నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క దానికి సీలు వేయాలి. ఒక భాగం ఆహార విశ్లేషకునికి వెళుతుంది. రెండు భాగాలు నియుక్తాధికారి వద్ద భద్రంగా ఉంటాయి. వ్యాపారి కోరితే నాలుగవ భాగం గుర్తింపు పొందిన మరొక ప్రయోగశాలకు వెళుతుంది. విశ్లేషకుడు 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక తనకు సమ్మతం కాకపోతే వ్యాపారి 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు భద్రపరచిన భాగం ఉన్నత ప్రయోగశాలకు చేరుతుంది. నాలుగు భాగాలు ఎందుకు? దోషి తప్పించుకోకుండా ఉండటానికి మాత్రమే కాదు, నిర్దోషి శిక్షకు గురి కాకుండా ఉండటానికి కూడా. కక్షతో వ్యాపారిని వేధించిన అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధించే నిబంధన కూడా ఈ చట్టంలోనే ఉంది. కాపలాదారుకూ కట్టుబాటు ఉండాలన్న వివేకం ఇది.

ఈ వివేకం ఎంత అవసరమో 2015లో దేశమంతటా చర్చకు వచ్చిన మ్యాగీ నూడుల్స్ వివాదం తెలియజేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో తీసిన నమూనాలో సీసం అనుమతించిన పరిమితిని మించి ఉన్నదని నివేదిక వచ్చింది. ఆ పరిమితి పది లక్షల భాగాలలో 2.5 భాగాలు. 2015 జూన్ 5న ప్రాధికార సంస్థ దేశవ్యాప్తంగా ఆ ఉత్పత్తిని ఉపసంహరింపజేసింది. కంపెనీ బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. వ్యాపారి వాదన వినకుండా నిషేధించడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమనీ, పరీక్ష చేసిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదనీ అదే ఏడాది ఆగస్టు 13న న్యాయస్థానం నిషేధాన్ని కొట్టివేసింది. అంతటితో ఆగక, నమూనాలను గుర్తింపు గల మూడు ప్రయోగశాలలలో మళ్ళీ పరీక్షించాలని ఆదేశించింది. వాటిలో ఒకటి హైదరాబాదులోనిది. ఆ పరీక్షలలో సీసం పరిమితికి లోబడి ఉన్నదని తేలిన తరువాత నవంబరులో అమ్మకాలు పునఃప్రారంభమయ్యాయి. నియంత్రించే సంస్థకు అధికారం ఉంటే చాలదు. ఆ అధికారం ప్రామాణికమైన పరీక్ష మీద, న్యాయమైన విచారణ మీద నిలబడి ఉండాలి. లేకుంటే నిజంగా ప్రమాదం వచ్చిననాడు దాని హెచ్చరికను ఎవరూ నమ్మరు.

ప్రమాణాలను నిర్ణయించడం ఈ సంస్థ నిర్వహించే మరొక ముఖ్యమైన పని. ఏ రంగు ఎంత కలపవచ్చు, పాలలో వెన్న ఎంత ఉండాలి అనే విషయాలను శాస్త్రజ్ఞుల సంఘాలు పరిశీలించి చెబుతాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో నెలకొల్పిన కోడెక్స్ సంఘం ప్రపంచదేశాలకు ఇటువంటి ప్రమాణాలను సూచిస్తుంది. ఈ పని ఎంత సున్నితమైనదో మామిడిపండ్ల ఉదాహరణ వల్ల తెలుస్తుంది. పూర్వం కాయలను వరిగడ్డిలో మాగబెట్టేవారు. వ్యాపారం పెరిగిన కొద్దీ కాల్షియం కార్బైడ్ వాడకం వ్యాపించింది. దాని నుండి వెలువడే ఎసిటిలిన్ వాయువు కాయకు త్వరగా రంగు తెస్తుంది. కాని అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ వంటి విషపదార్థాల జాడలు ఉంటాయి. అందువల్ల దాని వాడకం నిషిద్ధం. ఉమ్మడి హైకోర్టు 2015లో ఈ సమస్యను తానుగా విచారణకు స్వీకరించింది. అయితే నిషేధం ఒక్కటే చాలదు. వ్యాపారికి మరొక దారి చూపాలి. పండు తనంత తాను విడుదల చేసే ఇథిలిన్ వాయువును పది లక్షల భాగాలలో 100 భాగాలకు మించకుండా వాడుకోవడానికి 2016లో ప్రాధికార సంస్థ అనుమతించింది. మూసిన తలుపు పక్కనే తెరచిన తలుపు ఉన్నప్పుడే నిషేధం నిలుస్తుంది.

కల్తీని మాత్రమే వెదికే చూపు చాలదనడానికి పాల సర్వే నిదర్శనం. 2018లో దేశంలోని 1,103 పట్టణాలలో, నగరాలలో 6,432 పాల నమూనాలను సేకరించి పరీక్షించారు. పాలంటేనే కల్తీ అనే భావన జనంలో ఉన్నది. కాని హానికరమైన కల్తీ జరిగినట్లు తేలిన నమూనాలు 12 మాత్రమే. వాటిలో 9 తెలంగాణలో సేకరించినవి కావడం మనం పట్టించుకోవలసిన విషయం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. 368 నమూనాలలో, అంటే 5.7 శాతం పాలలో, అఫ్లటాక్సిన్ అనే విషం పరిమితిని మించి కనిపించింది. దీనిని ఎవరూ చేతులారా కలపలేదు. బూజు పట్టిన దాణాను, చెక్కను మేసిన పశువు ద్వారా అది పాలలోకి వచ్చింది. ఇక్కడ శిక్షించడానికి మోసగాడు లేడు. సరిదిద్దుకోవడానికి దాణా నిల్వ చేసే పద్ధతి ఉన్నది. కౌటిల్యుని నాటి ముల్లు కంటికి కనిపించేది. నేటి ముల్లు ప్రయోగశాలకు తప్ప కనిపించదు.

మన మిరపకు సంబంధించిన ఒక సంఘటన ఈ విషయాన్ని మరొక కోణంలో చూపుతుంది. గుంటూరు మిర్చి మార్కెట్టు దేశంలోనే అతి పెద్దది. 2003లో భారతదేశం నుండి యూరప్ వెళ్ళిన కారంపొడి సరకులో సూడాన్ అనే రంగు బయటపడింది. అది మైనాలకు, నూనెలకు వేసే పారిశ్రామికమైన రంగు, ఆహారంలో నిషిద్ధం. యూరప్ దేశాలు వెంటనే పరీక్షాపత్రం లేని కారాన్ని తిరస్కరించాయి. మన స్పైసెస్ బోర్డు ఎగుమతికి ముందే మిరప ఉత్పత్తులను పరీక్షించడం తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో అటువంటి కారం కలిసిన ఒక సాస్ కారణంగా 400కు పైగా ఆహార ఉత్పత్తులను దుకాణాల నుండి వెనుకకు రప్పించవలసి వచ్చింది. ఎక్కడో ఒకచోట కలిపిన పిడికెడు రంగు నిజాయితీగా పండించిన రైతు పంటకు కూడా అపకీర్తి తెస్తుంది. ఎగుమతి సరకును పట్టి చూసినంత శ్రద్ధగా మన ఊరి కిరాణా కొట్టులోని కారాన్నీ చూడాలి. పరదేశి విస్తరికి ఒక కొలత, స్వదేశి విస్తరికి మరొక కొలత ఉండరాదు.

ఈ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో సమర్పించిన నివేదిక ప్రకారం పరిశీలించిన 72 రాష్ట్ర ప్రయోగశాలలలో 65కు జాతీయ గుర్తింపు లేదు. నమూనా తీసే చేతికి, తీర్పు చెప్పే న్యాయాధికారికి మధ్య నిలిచే ప్రయోగశాలే బలహీనమైతే చట్టం మొత్తం బలహీనపడుతుంది. లైసెన్సులు, తనిఖీలు చేరని చోట్లు కూడా ఉన్నాయి. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలలో 23 మంది మరణించారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఆ నూనెను పరీక్షించడానికి ఏ అధికారీ ప్రతిదినం ఆ వంటగదికి రాలేడు. పురుగుమందును వంట సామగ్రికి దూరంగా ఉంచాలన్న చిన్న జాగ్రత్త, పిల్లలకు వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలన్న చిన్న నియమం ఆ ప్రాణాలను కాపాడి ఉండేవి. చట్టం చేయి చేరని చోట బాధ్యత గల మనిషి ఒకడు ఉండాలి.

అత్యవసర సమయాలలో వేగంగా స్పందించే అధికారాన్ని కూడా చట్టం ఇచ్చింది. ప్రజారోగ్యం దృష్ట్యా ఏదైనా ఆహారాన్ని రాష్ట్ర కమిషనరు ఒక సంవత్సరానికి మించకుండా నిషేధించవచ్చు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ వల్ల జనం అస్వస్థతకు గురవుతున్నారన్న ఫిర్యాదులు రాగా, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దానిని ఒక సంవత్సరం పాటు నిషేధించడం ఈ అధికారానికి ఉదాహరణ.

చివరగా కొనుగోలుదారుని పాత్ర. అధికారులు కొద్దిమంది, తినేవారు కోట్లమంది. కాబట్టి చట్టం కొనేవానికీ ఒక ఆయుధం ఇచ్చింది. 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తాను కొన్న ఆహారాన్ని రుసుము చెల్లించి ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. దోషం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఇంతటి హక్కు ఉన్నదని తెలిసినవారు తక్కువ. పొట్లం మీద తయారీ తేదీ, గడువు తేదీ, తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య చూసి కొనడం, బిల్లు అడిగి తీసుకోవడం, అనుమానం కలిగినప్పుడు ఫిర్యాదు చేయడం - ఇవి చదువుకొన్నవారు అలవరచుకోవలసిన కనీస నియమాలు. ఇంట్లో చదవడం రాని అవ్వకో, అమ్మకో పొట్లం మీది అక్షరాలు చదివి వినిపించడం కూడా విద్యకు ఒక సార్థకతే.

అన్నాన్ని దైవంగా భావించడం ఒక సంస్కారం. ఆ అన్నం నిర్దోషంగా తోటివాని విస్తరికి చేరేలా చూడటం ఆ సంస్కారానికి ఆచరణరూపం. పండించేవాని జాగ్రత్త, అమ్మేవాని నిజాయితీ, పరీక్షించేవాని ప్రామాణికత, పాలించేవాని న్యాయదృష్టి, కొనేవాని మెలకువ - ఈ ఐదు వేళ్ళూ కలిసినప్పుడే ముద్ద నోటికి చేరుతుంది. వాటిలో ఏ వేలు సడలినా ముద్ద జారుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

విస్తరి - ఆకులతో కుట్టిన భోజన పాత్ర
రచ్చబండ - ఊరి పెద్దలు, జనం కూర్చొని మాట్లాడుకొనే అరుగు
కంటకం - ముల్లు
పణం - ప్రాచీన కాలపు నాణెం
నియుక్తాధికారి - ఒక పనికై ప్రత్యేకంగా నియమింపబడిన అధికారి
ప్రాధికార సంస్థ - చట్టం ద్వారా అధికారం పొందిన సంస్థ
మాగబెట్టడం - కాయలు పండేటట్లు చేయడం
దాణా - పశువులకు పెట్టే ధాన్యపు మేత
మెలకువ - జాగరూకత

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కీడు జరిగిన తరువాత శిక్షించడం కంటె కీడు పుట్టే మార్గాన్ని మూసివేయడం మేలన్న దృష్టి ఎలా రూపొందిందో పాఠం ఆధారంగా వివరించండి.
2. నియంత్రించే సంస్థ కూడా చట్టానికి కట్టుబడి ఉండాలనడానికి పాఠంలోని నిదర్శనాలను చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘ఆహార భద్రత’ అనే పదబంధానికి గల రెండు అర్థాలను తెలపండి.
2. నమూనాను నాలుగు భాగాలు చేయడంలోని ఆంతర్యం ఏమిటి?
3. పాల సర్వే వల్ల తెలిసిన ముఖ్య విషయం ఏమిటి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కంటకశోధనం ఏ గ్రంథంలోనిది?
2. 1998లో ఆవనూనెలో కలిసిన నూనె ఏ మొక్క గింజలది?
3. కొనుగోలుదారుడు ఆహారాన్ని పరీక్ష చేయించుకొనే హక్కు ఏ సెక్షన్‌లో ఉంది?

ఈ. సంధులు
ప్రజారోగ్యం = ప్రజా + ఆరోగ్యం - సవర్ణదీర్ఘ సంధి
నియుక్తాధికారి = నియుక్త + అధికారి - సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి

ఉ. సమాసాలు
కంటకశోధనం - కంటకముల యొక్క శోధనం - షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు భాగాలు - నాలుగు సంఖ్య గల భాగాలు - ద్విగు సమాసం
ప్రాణహాని - ప్రాణమునకు హాని - షష్ఠీ తత్పురుష సమాసం